రన్ అంటే పరుగొకటే అనుకున్నా

సెలవుకి గాజువాక వచ్చి వారమైంది. నిన్న సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటుంటే మా మేనల్లుడు అడిగాడు, "మావయ్యా, సింగపూర్ రావాలంటే స్పోకెన్ ఇంగ్లిష్‌లో చేరాలా?" అని. వాడు ఐటీఐలో వెల్డింగ్ చేశాడు, పాస్‌పోర్టు కూడా వచ్చేసింది.

ఒరే, తెలియని మాటతో ఇబ్బంది లేదు, అడిగేస్తాం. తెలుసనుకున్న మాటే ముంచుతుంది. నన్ను ముంచింది రన్.

2005లో మన వైజాగ్‌లో ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టాడే, రన్ అంటే నాకు అదే. సింగపూర్‌ తువాస్‌లో షిప్‌యార్డులో చేరిన కొత్తలో మా స్కాట్లండ్ సూపర్‌వైజర్ ఒక పైపు జాయింట్ చూపించి "రూట్ రన్ అయిందా?" అన్నాడు. రెండు పైపుల మధ్య సందులో అన్నిటికంటే అడుగున వేసే మొదటి వెల్డింగ్ అది, దాని మీద ఫిల్లింగ్, ఆఖర్న క్యాపింగ్. ఇక్కడ దాన్నే రూట్ పాస్ అనేవాళ్ళం, పదేళ్ళు చేసిన పనే, అయినా రన్ అనేసరికి నా బుర్ర రోడ్డెక్కేసింది. "ఏ రూట్‌లో సార్?" అన్నా.

తర్వాత ఒక్కొక్కటీ తగిలాయి. కేబుల్ వెళ్ళే దారీ రన్నే, పెయింట్ చిక్కగా పడి కిందికి కారితే అదీ రన్నే, రాడ్లు అయిపోతే రన్ అవుట్! (అంపైర్ ఎక్కడా లేడు.) రన్ అనే క్రియకి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్ళు 645 అర్థాలు లెక్కేశారని 2011లో పేపర్లలో వచ్చింది, నేను ఓ ఇరవై దగ్గర ఆగిపోయా.

అన్నిటికంటే పరువు పోయింది ఇండియా మ్యాచ్ రోజు. పొద్దున్నే మా సూపర్‌వైజర్ నీరసంగా వచ్చి, రాత్రి నుంచీ రన్స్ అన్నాడు. నేను హుషారుగా "ఎన్ని సార్?" అన్నా. కాసేపు నన్నే చూసి "లెక్కపెట్టలేదు" అన్నాడు. విరేచనాలట!

మనమూ తక్కువేం కాదులెండి. నేనూ, అనకాపల్లి కుర్రాడొకడూ మాట్లాడుకుంటుంటే పక్కనున్న ఫిలిప్పీన్స్ అతను కొట్టు అంటే ఏంటని అడిగాడు. చేత్తో కొట్టి చూపించా. అప్పట్నుంచీ మావాడు "సాయంత్రం ఫోన్ కొడతా" అన్నప్పుడల్లా అతను ఆ ఫోన్ వైపు జాలిగా చూసేవాడు.