ఫైల్స్ చాప్టర్: రిటర్న్ వాల్యూల దగ్గర నేను పోగొట్టుకున్న మార్కులు

డిప్లొమా చివరి ఏడాదిలో ఈసెట్‌కి (డిప్లొమా తర్వాత ఇంజనీరింగ్‌లో చేరడానికి రాసే పరీక్ష) చదివేటప్పుడు సీ లాంగ్వేజ్‌లో ఫైల్స్ చాప్టర్‌ని ఆఖరికి నెట్టేశాను. 200 బిట్లలో 100 మన బ్రాంచివి, అందులో ఫైల్స్ నుంచి ఎన్నొస్తాయిలే అనుకున్నాను. ఏ ఫంక్షన్ పని చేసి తిరిగి ఏ విలువ ఇస్తుందో (రిటర్న్ వాల్యూ) పట్టిక రాసి, గోడకి అంటించి బట్టీ కొట్టాను. మాక్ టెస్ట్‌లో నాలుగు బిట్లొస్తే నాలుగూ తప్పే.

మొదటిది, ఫైల్ నుంచి ఒక్కో అక్షరం చదివే ఎఫ్‌గెట్‌సీ రిటర్న్ టైప్ ఏమిటని. చదివేది అక్షరం కదా అని క్యార్ (అక్షరం రకం) పెట్టేశాను. జవాబు ఇంట్ (పూర్ణసంఖ్య రకం). నా పట్టికలోనూ ఇంట్ అనే ఉంది, కానీ ఎందుకో తెలియక పరీక్షలో నమ్మకం కుదరలేదు. కారణం చిన్నదే. ఒక బైట్‌లో 0 నుంచి 255 వరకు ఏ విలువైనా ఉండొచ్చు, ఒక్కటీ ఖాళీ లేదు. మరి ఫైల్ అయిపోయిందని చెప్పడానికి ఇంకో విలువ కావాలి. అదే ఈఓఎఫ్ (ఎండ్ ఆఫ్ ఫైల్). అది నెగెటివ్ ఇంట్, మామూలుగా -1. దాన్ని క్యార్‌లో దాచుకుంటే, క్యార్ సైన్డ్‌గా ఉండే (నెగెటివ్ విలువలూ పట్టే) మెషీన్లలో 255 బైట్ కూడా -1లా కనిపించి, ఈఓఎఫ్ వచ్చేదాకా చదివే లూప్ మధ్యలోనే ఆగిపోతుంది. అన్‌సైన్డ్ అయితే -1 ఎప్పటికీ రాదు, లూప్ ఆగదు.

రెండోది, ఫైల్‌లోని విలువల్ని వేరియబుల్స్‌లోకి చదివే ఎఫ్‌స్కాన్‌ఎఫ్. అది చదివిన విలువను ఇస్తుందనుకునేవాణ్ణి. కాదు, ఎన్ని వేరియబుల్స్ నిండాయో ఇస్తుంది. రెండు సంఖ్యలు అడిగితే ఫైల్‌లో 10 తర్వాత ఏదో అక్షరం ఉందనుకోండి, 1 వస్తుంది. మళ్లీ పిలిస్తే 0. ఆ అక్షరం అక్కడే కూర్చుని ఉంటుంది. ఈఓఎఫ్ రాలేదు కదా అని లూప్ తిప్పితే తిరుగుతూనే ఉంటుంది.

నన్ను బాగా తిప్పలు పెట్టిన మూడోది మాత్రం, ఫైల్ ముగింపు వచ్చిందా అని చెప్పే ఎఫ్‌ఈఓఎఫ్. 10, 20, 30 లైనుకొకటి రాసి, ఎఫ్‌ఈఓఎఫ్ రానంతవరకు చదివి ప్రింట్ చేయమంటే 30 రెండుసార్లు వచ్చింది. 30 చదివాక దాని వెనక ఎంటర్ మిగిలే ఉంది. ముగింపును తాకేదాకా ఎఫ్‌ఈఓఎఫ్‌కి విషయం తెలియదు. తర్వాతి ఎఫ్‌స్కాన్‌ఎఫ్ ఫెయిలై, పాత 30 మళ్లీ ప్రింట్ అయింది. మా ఫ్రెండ్ చేస్తే ఒక్కసారే వచ్చిందని గంటసేపు గొడవపడ్డాం. వాడు చివర ఎంటర్ కొట్టకుండా సేవ్ చేశాడు, అందుకే 30 చదువుతూనే ముగింపు తగిలింది, అంతే! ఇక ఎఫ్‌స్కాన్‌ఎఫ్ రిటర్న్ వాల్యూనే లూప్ కండిషన్‌లో పెట్టడం అలవాటు చేసుకున్నాను.

ఎఫ్‌గెట్స్‌తో పెద్ద ఇబ్బంది లేదు. లైను చదివి పెట్టడానికి మనం ఇచ్చిన బఫర్ (మెమరీలో చోటు) అడ్రస్ తిరిగొస్తుంది, ఏమీ దొరక్కపోతే నల్ (ఖాళీ అడ్రస్). చోటుంటే ఎంటర్‌ని కూడా బఫర్‌లో ఉంచుతుందన్నది మర్చిపోకండి.

ఆ పట్టిక పీకేసి, చిన్న ఫైళ్లు చేసి ప్రతి రిటర్న్ వాల్యూనీ ప్రింట్ చేసి చూశాను. రెండు సాయంత్రాలు పట్టింది. మీరూ చేసేట్టయితే, ఫైల్‌ని ముక్కలుగా చదివే ఎఫ్‌రీడ్‌తో మొదలుపెట్టండి, నా నాలుగో తప్పు అదే. 22 బైట్ల ఫైల్‌ని 4 బైట్ల ముక్కలు 10 కావాలని అడిగితే 5 వస్తుంది, పూర్తిగా దొరికిన ముక్కలు అన్నే. అదే ఫైల్‌ని 1 బైట్ ముక్కలు 40 అని అడగండి, 22 వస్తుంది. మా మాక్ టెస్ట్ ఆప్షన్లలో 5, 22 రెండూ ఉన్నాయి.