పాతబస్తీ ఇంటికి పాత ఓనర్లెవరో తవ్వడం: నా అనుభవం

పాత దస్తావేజుల నకళ్లన్నీ చేతికొచ్చాయి. శాలిబండ వైపు ఒక పాత హవేలీ, ఇప్పుడు ముక్కలై పలువురి చేతుల్లో ఉంది. అందులో ఒక ముక్కకు 1930 దాకా ఓనర్ల వరుస తెగకుండా కట్టగలిగాను. బ్యాంకు లాయరు ముప్పై ఏళ్లు చూసి సంతకం పెట్టేస్తాడు కాబట్టి, ఇంత లోతుకు దిగినవాళ్లు ఎక్కువమంది ఉండరని ధైర్యంగానే చెప్పుకుంటాను. కోపం చల్లారకముందే రాస్తున్నాను. చల్లారాక రాస్తే ఆఫీసులవాళ్ల మీద జాలి పడి సగం దాచేస్తాను.

సులువైనది ముందు. 1983 నుంచి ఇటువైపు రిజిస్ట్రేషన్లకు ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) ఆన్‌లైన్‌లో వస్తుంది. ఇప్పటి సేల్ డీడ్‌లో అమ్మేవాళ్లకు ఆస్తి ఎలా వచ్చిందో చెప్పే పేరా ఉంటుంది. లింకు డాక్యుమెంటు నంబరు, సంవత్సరం, ఏ ఆఫీసు అన్నీ అక్కడే. ఆ నంబరు మీద సర్టిఫైడ్ కాపీ తీసుకుంటే దానికి ముందుది తెలుస్తుంది. అంతే.

1983కి అవతల అంతా చేతిరాత పుస్తకాలు. స్థిరాస్తి దస్తావేజులు 1వ పుస్తకంలో ఎక్కుతాయి. దానికి ఇండెక్స్ 1 మనుషుల పేర్ల మీద, ఇండెక్స్ 2 ఆస్తి మీద. ఈ రెండింటినీ చూపించమని అడిగినందుకే కౌంటరు దగ్గర నాకు దొంగకు చేసే మర్యాద జరిగింది. "ఓనరువా? కాదా? మరి వాళ్ల ఇంటితో నీకేం పని?" అని వెనకున్న లైను మొత్తానికి వినపడేలా అడిగారు. ఇల్లు కాజేయడానికి వచ్చినవాణ్ని చూసినట్టు చూశారు. రిజిస్ట్రేషన్ చట్టం 1908, సెక్షన్ 57(1) చదువుకుని వెళ్లండి. 1వ పుస్తకాన్నీ దాని ఇండెక్సులనూ ఫీజు కట్టిన ఎవరైనా చూడొచ్చు, నకలు అడగొచ్చు. ఓనరు కానక్కర్లేదు, కారణం చెప్పక్కర్లేదు. దరఖాస్తులోనే ఆ సెక్షన్ నంబరు రాయండి. కుదరదంటే, కుదరదని కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వరు, కానీ అడగ్గానే గొంతు మారుతుంది, కుర్చీ కూడా దొరుకుతుంది.

వీలునామాలు 3వ పుస్తకంలో ఉంటాయి. రాసినవాళ్లు చనిపోయాక ఎవరైనా నకలు అడగొచ్చు, డెత్ సర్టిఫికెట్ వెంట తీసుకెళ్లండి. 4వ పుస్తకం (స్థిరాస్తితో సంబంధం లేని దస్తావేజులు) మాత్రం ఆ దస్తావేజులో పార్టీలకే. 3, 4 పుస్తకాల్లో ఎంట్రీలు ఆఫీసరే వెతకాలి, మన చేతికివ్వరు. ఇది చట్టమే, దీనిమీద గొడవ పెట్టుకుని లాభం లేదు.

సరే, వెతికించాను. వచ్చింది నిల్ ఈసీ. ఆఫీసు బయట కూర్చునే ఏజెంట్లు ఇక్కడే డబ్బు తీసుకుని "రికార్డు లేదు సార్" అని పంపించేస్తారు. నిల్ అంటే మీరిచ్చిన నంబరు మీద ఏమీ లేదని, అంతవరకే. హైదరాబాద్‌లో ఇంటి నంబరు అంత నమ్మదగ్గది కాదు. హైదరాబాద్, సికింద్రాబాద్ కార్పొరేషన్లు 1960లో ఒకటయ్యాయి. వార్డు-బ్లాకు-ఇల్లు అనే ఇప్పటి నంబరు పాత దస్తావేజులో కనపడదు. అందులో మొహల్లా పేరు, అప్పటి నంబరు, ఒక్కోసారి గల్లీ చివర మసీదు పేరు ఉంటాయి. పైగా ఇల్లు పంచుకున్నప్పుడల్లా నంబరు వెనక /1, /ఏ తగులుతాయి. ఇండెక్స్ 2లో ఇప్పటి నంబరు వెతకడం దండగ.

వెతకాల్సింది రెండు దారుల్లో. ఒకటి ఇండెక్స్ 1. మీ దగ్గరున్న అతి పాత డీడ్‌లో కొన్నవాళ్ల పేరు, అమ్మినవాళ్ల పేరు, తండ్రి పేరు తీసుకుని, ఆ సంవత్సరానికి అటూ ఇటూ చూడాలి. ఇక్కడ బిరుదుల తంటా ఉంది. మీర్ తురాబ్ అలీ ఖాన్ అంటే ఎవరికీ తట్టదు, మొదటి సాలార్ జంగ్ అంటే అందరికీ తెలుసు. చిన్న నవాబులకూ అంతే. ఒక దస్తావేజులో "ఫలానా యార్ జంగ్", ఇంకో దాంట్లో సొంత పేరు. రెండూ రాసుకుని వెళ్లకపోతే ఒకే మనిషి ఇద్దరైపోతాడు. ఆడవాళ్ల పేర్లు అసలు వదలకండి. మెహర్ (నికాలో భర్త భార్యకు ఇవ్వాల్సింది) కింద భార్య పేరున పెట్టిన ఇళ్లు చాలా ఉంటాయి, ఆమె తరఫున సంతకం ముఖ్తార్, అంటే ఆమె అధికారమిచ్చిన మనిషి, పెడతాడు. ముఖ్తార్ పేరు చూసి ఓనరనుకుంటే వరుస తప్పినట్టే.

రెండో దారి హద్దులు. నాకు ముడి విడింది దీనితోనే. మన ఇంటి దస్తావేజు దొరక్కపోయినా పక్కింటిది దొరుకుతుంది. అందులో హద్దుల కింద "గర్బ్: మకాన్ ఫలానా సాహెబ్" అని ఉందనుకోండి. పక్కింటికి పడమర ఉన్నది మన ఇల్లే కాబట్టి, ఆ తేదీన ఓనరెవరో తెలిసిపోయింది. శర్ఖ్ తూర్పు, గర్బ్ పడమర, షుమాల్ ఉత్తరం, జునూబ్ దక్షిణం. నాలుగు వైపుల ఇళ్ల డీడ్లూ తీయించండి. ఖర్చే, కానీ పక్కవాళ్ల కాగితాల్లో మనవాళ్ల గురించి అబద్ధం రాసే అవసరం ఎవరికీ ఉండదు.

దస్తావేజు దొరికిందని సంబరపడి ఇంటికి తెచ్చాక అసలు పరీక్ష. నిజాం కాలం నకలు ఉర్దూలో, అదీ షికస్తా రాతలో ఉంటుంది. నుక్తాలు (అక్షరాల చుక్కలు) సగం ఎగిరిపోయి, అక్షరాలు ఒకదాంట్లోకి ఒకటి జారిపోయి ఉంటాయి. ఉర్దూ పేపరు గడగడా చదివేవాళ్లు కూడా మొదటి లైను దగ్గరే కళ్లజోడు తీసేస్తారు. మా వాడికి ఉర్దూ వచ్చంటూ స్నేహితులు పంపేవాళ్లను నమ్ముకోకండి. కోర్టు కాగితాలు చదివి అలవాటున్న పెద్దవాళ్లే కావాలి. రొక్కం రఖమ్ అనే పాత లెక్కల రాతలో రాస్తారు. అది అంకెలా ఉండదు, కొక్కేలు, గీతలు కలిపిన గుర్తులా ఉంటుంది. చదవడం రాకపోతే దాని వెంటే "నిస్ఫ్" (సగం) అన్న మాట కోసం చూడండి. దిద్దుబాటు జరగకుండా మొత్తం రాశాక అందులో సగమెంతో కూడా రాయడం అలవాటు. సగం తెలిస్తే మొత్తం తెలిసినట్టే. రూపాయి హాలీ సిక్కానా (నిజాంది), కల్దారా (బ్రిటిష్‌ది) అన్నదీ చూసుకోవాలి. ఏడు హాలీ ఆరు కల్దార్‌కు సమానం. సుల్తాన్‌బజార్ అయితే 1933 దాకా బ్రిటిష్ రెసిడెన్సీ చేతిలో ఉంది, అక్కడి పాత కాగితాలకు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

తేదీల దగ్గర చదువుకున్నవాళ్లే బోల్తా పడతారు. ఒకే దస్తావేజులో ఫసలీ (నిజాం సర్కారు లెక్క), హిజ్రీ (ఇస్లామీ లెక్క) సంవత్సరాలు రెండూ ఉంటాయి. నేను తీయించినదాంట్లో అమర్‌దాద్ 1339 అని ఒకచోట, ముహర్రం 1349 అని ఇంకోచోట ఉంది. పదేళ్ల తేడాతో రెండు అమ్మకాలు కావవి. రెండూ 1930 జూన్‌లోవే. ఫసలీ సంవత్సరం అక్టోబరు మొదటివారంలో ఆజూర్ నెలతో మొదలవుతుంది. డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. హిజ్రీది చాంద్రమానం, ఏటా పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది కాబట్టి ఒకే అంకె కలిపితే రాదు, పట్టిక చూడాల్సిందే. అంకె పక్కన ఉర్దూ అక్షరం ఫే (ఫసలీ) ఉందా, హే (హిజ్రీ) ఉందా చూడండి. అది చెరిగిపోతే నెల పేరు చెబుతుంది: ఆజూర్, దై, బహ్మన్ లాంటివైతే ఫసలీ, ముహర్రం, సఫర్ లాంటివైతే హిజ్రీ. నాకు దొరికిన ఒక టైపు తర్జుమాలో 1349 పక్కన ఫసలీ అని వేసి ఓనర్ల వరుసనే తిరగేశారు. స్టాంపు, సీలు అన్నీ ఉన్నాయి దానికి. తర్జుమా ఎప్పుడూ మూలం పక్కన పెట్టుకునే చదవండి.

ఇంత చేసినా మధ్యలో ఖాళీలొస్తాయి. వారసత్వానికి రిజిస్ట్రేషన్ ఉండదు. ముస్లిం కుటుంబాల్లో నోటి హిబా (దానం) చెల్లుతుంది, ఇల్లు స్వాధీనం చేస్తే చాలు, పుస్తకంలో ఎక్కదు. ఆ ఖాళీలు మున్సిపల్ మ్యుటేషన్ ఫైలుతో, సివిల్ కోర్టు పంపకాల దావాలతో నింపాలి. దావా కాగితాల్లో వంశవృక్షం గీసి ఉంటుంది, అన్నదమ్ముల కొట్లాటంత మంచి చరిత్రకారుడు ఇంకొకడు లేడు. ఓనరు పాకిస్తాన్ వెళ్లిపోయిన ఇల్లైతే 1950 ఎవాక్యూ (దేశం వదిలి వెళ్లినవాళ్ల) ఆస్తుల చట్టం కింద సర్కారు కస్టోడియన్ చేతికి పోయి ఉండొచ్చు. వక్ఫ్ ఆస్తుల జాబితా ఉండే వక్ఫ్ గెజిట్ కూడా ఒకసారి చూడండి, కొనే ఉద్దేశం ఉంటే ముందదే చూడండి.

మ్యాపు విషయం. 1908 మూసీ వరద తర్వాత లియోనార్డ్ మన్ చేసిన మున్సిపల్ సర్వే షీట్లు అంగుళానికి 50 అడుగుల లెక్కన ఉన్నాయి. గోడ, బావి, లోపలి వాకిలి అన్నీ కనపడతాయి. ఓనరు పేరు ఉండదు, కానీ హద్దుల్లో రాసిన గల్లీ ఎటు పోయిందో తేలుతుంది. టౌన్ సర్వే రికార్డులో పేరుంటుంది, అయితే అది హక్కు పత్రం కాదు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ జాగీరు, సర్ఫెఖాస్ (నిజాం సొంత ఆస్తి) ఇళ్లకు పనికొస్తుంది. మామూలు ఇంటికి అక్కడ రోజులు పోగొట్టుకోవద్దు.

ఓనర్లు ఒకెత్తు, అందులో బతికినవాళ్లు ఇంకొకెత్తు. లీజు రిజిస్టరైతే తప్ప కిరాయిదార్ల పేర్లు రిజిస్ట్రేషన్ ఆఫీసులో దొరకవు. 1960 రెంట్ కంట్రోల్ చట్టం కింద వేసిన ఖాళీ చేయించే కేసుల్లో దొరుకుతాయి. ఎవరు ఏ గదిలో ఎన్నేళ్లున్నారు, నెలకెంత కట్టారు, ఏ నెల ఎగ్గొట్టారు అన్నీ ఉంటాయి. కేసు నంబరు తెలియకపోతే ఓనరు పేరుతో రిజిస్టరు వెతికించండి. కేసు కాని ఇళ్లకు పాత ఓటర్ల జాబితాలున్నాయి. ఇంటి నంబరు వరుసలోనే ఉంటాయి కాబట్టి ఒకే నంబరు కింద నాలుగు ఇంటిపేర్లు కనపడితే కిరాయిదార్లున్నట్టు. ఇక్కడ మాత్రం ఇప్పటి నంబరు పనికొస్తుంది, నంబరు మారకముందు జాబితాలకు పక్కిళ్ల పేర్లు చూసి సరిపోల్చుకోవాలి.