ఓర్చుకోవడానికీ తీసేయించుకోవడానికీ మధ్య చాలా ఉంది

ఆడవాళ్ళ ఆరోగ్యం విషయంలో నాకు చిన్నప్పటి నుంచీ రెండే సలహాలు వినబడుతున్నాయి. వయసులో ఉన్నప్పుడు "అందరికీ ఉండేదే, ఓర్చుకో" అంటారు. నలభై దాటాక "ఇంకా గర్భసంచితో పనేముంది, తీయించేసుకో" అంటారు. మొదటి నెలసరి నుంచి అది ఆగిపోయాక గడిపే ఏళ్ళ దాకా చూస్తే దాదాపు జీవితమంతా సాగే వ్యవహారం ఇది, ఇంతదానికి రెండే దారులా? మధ్యలో ఎన్ని ఉన్నాయో చాలామందికి ఎవరూ చెప్పరు, డాక్టర్ ముందు కూర్చునే ఆ కాసేపట్లో అడగాలని మనకీ తోచదు. అందుకే ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, మా ఇంట్లో ఆడవాళ్ళ రిపోర్టులు పట్టుకుని తిరిగి, అడిగి, చదివి తెలుసుకున్న సంగతులివి. మీ ఒంటికి ఏది సరిపడుతుందో మీ డాక్టరే చెప్పాలి, కానీ ఏమేం ఉన్నాయో తెలిస్తేనే కదా అడగగలం.

ముందు ఎక్కువ బ్లీడింగ్ గురించి చెప్తాను, ఎందుకంటే గర్భసంచి ఆపరేషన్ల దాకా తీసుకెళ్ళేది చాలాసార్లు ఇదే. ఎంత అయితే ఎక్కువ అనుకోవాలి? పుస్తకాల్లో నెలసరికి 80 మిల్లీలీటర్లు దాటితే అని ఉంటుంది, అది ఇంట్లో ఎవరు కొలుస్తారు. గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి రావడం, రాత్రిళ్ళు లేచి మార్చుకోవడం, పెద్ద పెద్ద రక్తం గడ్డలు పడటం, ఏడు రోజులు దాటినా ఆగకపోవడం, ఇలాంటివి ఉంటే ఎక్కువే. అసలు దీనివల్ల మీ పనులు, మీ బయటి తిరుగుడు ఆగిపోతున్నాయంటే అదే చాలు, చికిత్స అడగడానికి ఇంకే కొలతా అక్కర్లేదని ఇప్పటి వైద్యం కూడా ఒప్పుకుంటోంది. ఇంకోటి, నెలనెలా ఇంత రక్తం పోతుంటే హిమోగ్లోబిన్ బాగానే ఉన్నట్టు కనిపించినా ఒంట్లో ఐరన్ నిల్వలు ఖాళీ అయిపోయి ఉండొచ్చు. నీరసం, ఆయాసం, జుట్టు రాలడం, మెట్లెక్కితే గుండెదడ, వీటన్నిటినీ "వయసు మీద పడుతోంది" అని సరిపెట్టుకునే బదులు ఆ నిల్వలు ఎంతున్నాయో చెప్పే ఫెరిటిన్ పరీక్ష అడగండి.

మా అక్కకి 42 ఏళ్ళప్పుడు స్కాన్ రిపోర్టులో "బల్కీ యూటరస్" (గర్భసంచి కాస్త పెద్దదైంది) అని, కింద ఒక చిన్న ఫైబ్రాయిడ్ (గర్భసంచి కండరంలో పెరిగే గడ్డ) అని వచ్చింది. ఒక ఆసుపత్రిలో ఆ కాగితం చూసి, అక్కని పరీక్ష కూడా చేయకుండా ఆపరేషన్‌కి తేదీ ఇస్తామన్నారు. ఇంట్లో అందరూ క్యాన్సర్ అనే భయపడిపోయారు. నాకు మనసొప్పక ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న "ఎంత సైజు" అని కాదు, "ఎక్కడుంది" అని. కాగితం మీద గర్భసంచి బొమ్మ గీసి చూపించారు. ఫైబ్రాయిడ్ లోపలి గదిలోకి పొడుచుకొస్తే చిన్నదైనా బ్లీడింగ్ విపరీతంగా అవుతుంది, గోడ మందంలో ఉంటే కొందరికి అవుతుంది కొందరికి అవదు, బయటివైపు ఉంటే పెద్దదైనా చాలాసార్లు బ్లీడింగ్‌తో సంబంధమే ఉండదు. యాభై ఏళ్ళొచ్చేసరికి సగం మందికి పైగా ఆడవాళ్ళలో ఏదో ఒక ఫైబ్రాయిడ్ ఉంటుందట, ఎక్కువమందికి ఉన్నట్టు కూడా తెలియదు, క్యాన్సర్ కావడం చాలా చాలా అరుదు, నెలసరి ఆగిపోయాక అవే కుంచించుకుపోతాయి. ఇదంతా చెప్పడానికి ఆవిడకి పట్టింది ఐదారు నిమిషాలు. అప్పటిదాకా ముఖం వేలాడేసుకుని కూర్చున్న అక్క ఆ బొమ్మ చూశాక మొదటిసారి తనే నోరు తెరిచి ప్రశ్న అడిగింది.

ఇక మందులు. ట్రానెక్సామిక్ యాసిడ్ అని ఒకటుంది, హార్మోన్ కాదు, బ్లీడింగ్ ఎక్కువున్న రోజుల్లో మాత్రమే వేసుకునేది, పోయే రక్తాన్ని సుమారు సగం దాకా తగ్గిస్తుంది. దీన్ని కనిపెట్టినవాళ్ళలో ఉటాకో ఒకమోటో అనే జపాన్ శాస్త్రవేత్త ఉన్నారు, కాన్పు తర్వాత రక్తం ఆగక తల్లులు చనిపోతుంటే దానికేదైనా చేయాలని ఆవిడా, ఆవిడ భర్తా కలిసి పనిచేసి 1962లో ఈ మందు గురించి ప్రకటించారు. ఇన్నేళ్ళయింది, ఇంత తేలికైన మందు, అయినా పదిహేనేళ్ళుగా బ్లీడింగ్‌తో బాధపడుతూ దీని పేరే విననివాళ్ళు నాకు తెలుసు. కాళ్ళలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళు మాత్రం వాడకూడదు. మెఫెనమిక్ యాసిడ్ లాంటి నొప్పి మాత్రలు నొప్పితో పాటు బ్లీడింగ్‌ని కూడా కొంత తగ్గిస్తాయి, నొప్పి భరించలేనంత అయ్యాక కాకుండా మొదలవుతూండగానే వేసుకుంటే బాగా పనిచేస్తాయి.

గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని కాపర్-టీ అనుకుని వద్దనేవాళ్ళే ఎక్కువ. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, పనితీరు దాదాపు తలకిందులు. కాపర్-టీ వల్ల కొందరికి బ్లీడింగ్ పెరుగుతుంది. ఈ లూప్‌లో లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్ 52 మిల్లీగ్రాములు ఉంటుంది, అది రోజుకింత చొప్పున చాలా కొద్దికొద్దిగా గర్భసంచి లోపలే విడుదలై అక్కడి పొరని పల్చగా ఉంచుతుంది, రక్తస్రావమయ్యే పొరే పల్చబడితే నెలసరి తగ్గిపోతుంది, కొందరికి పూర్తిగా ఆగిపోతుంది. ఆగిపోతే చెడు రక్తం లోపల పేరుకుంటుందని భయపడతారు, అసలు అక్కడ పేరుకోవడానికి ఏమీ తయారవదు. చిక్కంతా మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో ఉంది. ఆ సమయంలో అడపాదడపా మరకలు కనబడుతూనే ఉంటాయి, ముందే చెప్పకపోతే "ఇది నాకు పడలేదు" అని రెండో నెలలోనే తీయించేస్తారు, సరిగ్గా ఫలితం మొదలయ్యే ముందు. పెట్టేటప్పుడు కొందరికి గట్టి నొప్పే ఉంటుంది, ముందుగా నొప్పి మాత్ర, మత్తు ఇంజెక్షన్ అడగొచ్చు, అడగడానికి మొహమాటపడకండి. మా అక్క ఇదే పెట్టించుకుంది, మొదట్లో విసుక్కుంది, ఇప్పుడు ఆ ఊసే ఎత్తదు.

ఇవి కాకుండా లోపలి గదిలోకి వచ్చిన ఫైబ్రాయిడ్‌నీ, పాలిప్‌నీ (లోపలి పొర మీద పెరిగే చిన్న కండ) కడుపు కోయకుండా కింది నుంచే సన్నటి కెమెరా పంపి తీసేస్తారు. పిల్లలు కావాలనుకునేవాళ్ళకి గర్భసంచిని ఉంచి ఫైబ్రాయిడ్లు మాత్రమే తీసే ఆపరేషన్ ఉంది. ఫైబ్రాయిడ్‌కి రక్తం వెళ్ళే నాళాన్ని మూసేసే పద్ధతి 1990ల నుంచీ ఉంది. లోపలి పొరని వేడితో మాడ్చేసే పద్ధతీ ఉంది కానీ అది ఇక పిల్లలు వద్దనుకున్నవాళ్ళకే, చేయించుకున్నాక గర్భం వస్తే ప్రమాదం కాబట్టి జాగ్రత్త తప్పనిసరి.

గర్భసంచి తీయించుకోవడమే తప్పని నేననను. అన్నీ వాడి చూసి విసిగిపోయినవాళ్ళకి, అడెనోమయోసిస్‌తో (లోపలి పొర గర్భసంచి కండరంలోకి చొచ్చుకుపోయే జబ్బు) నెలంతా నొప్పితో బతికేవాళ్ళకి అది పెద్ద ఊరట. కానీ ఆ నిర్ణయం మీదై ఉండాలి, ముందు కొన్ని సంగతులు తేల్చుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం అండాశయాలు. "ఎలాగూ కోస్తున్నాం కదా, అవీ తీసేస్తాం" అంటే అక్కడ ఆగి ఎందుకని అడగండి. నెలసరి ఇంకా వస్తున్న వయసులో రెండు అండాశయాలూ తీసేస్తే తెల్లారేసరికి మెనోపాజ్ (నెలసరి శాశ్వతంగా ఆగిపోయే దశ) వచ్చిపడుతుంది, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు పెరుగుతాయి. వంశంలో క్యాన్సర్ ముప్పు లాంటి గట్టి కారణం ఉంటే వేరు. అండం గర్భసంచికి చేరే ట్యూబులు మాత్రం తీసేయడం మంచిదంటున్నారు, అండాశయ క్యాన్సర్లలో చాలావరకు అక్కడే మొదలవుతాయని తేలింది కాబట్టి. కడుపు కోసి చేస్తారా, చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే లాప్రోస్కోపీయా, కింది నుంచా అన్నదీ అడగాలి, వీలైనప్పుడు కింది నుంచి చేస్తే త్వరగా కోలుకుంటారు.

ఆడపిల్లల సంగతికొస్తే నాకు చాలా బాధగా ఉండేది నొప్పి విషయం. కొంత నొప్పి మామూలే. నెలనెలా స్కూలు మానేంత, వాంతులయ్యేంత, మాత్ర వేసినా తగ్గనంత నొప్పి మామూలు కాదు. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది దాని బయట కూడా పెరిగే జబ్బు) పదిమంది ఆడవాళ్ళలో ఒకరికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, అది బయటపడటానికి ఏళ్ళకేళ్ళు పడుతోంది, దానికి ఒక కారణం స్కాన్ నార్మల్‌గా వస్తే జబ్బే లేదనుకోవడం. స్కాన్‌లో కనపడకుండా కూడా అది ఉండొచ్చు. డైనోజెస్ట్ లాంటి హార్మోన్ మాత్రలతో చాలామందికి తగ్గుతుంది, అవసరమైతే లాప్రోస్కోపీ. "పెళ్ళయితే తగ్గిపోతుంది, పిల్లలు పుడితే తగ్గిపోతుంది" అన్నది చికిత్స కాదు. అలాగే మొదటి నెలసరి నుంచే విపరీతంగా రక్తం పోయే పిల్లల్లో, ముఖ్యంగా చిగుళ్ళ నుంచి, ముక్కు నుంచి కూడా రక్తం కారుతుంటే, రక్తం గడ్డకట్టడంలోనే లోపం ఉందేమో పరీక్ష చేయించాలి.

పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగ్గా విడుదలకాక నెలసరి క్రమం తప్పే సమస్య) మీద ఇప్పటికే అందరూ మాట్లాడుతున్నారు కాబట్టి రెండు మాటలే. స్కాన్‌లో కనిపించేవి నిజానికి నీటితిత్తులు కావు, అండం ఉండే, ఎదుగుదల ఆగిపోయిన చిన్న ఫాలికల్స్, ఎవరూ వాటిని ఆపరేషన్ చేసి తీయరు. కొత్తగా రజస్వల అయిన పిల్లల్లో స్కాన్ చూసి పీసీఓఎస్ అని ముద్ర వేయకూడదు, ఆ వయసులో అండాశయాలు మామూలుగానే అలా కనబడతాయి. మూడు నెలలు దాటినా నెలసరి రాకపోతే మాత్రం వదిలేయొద్దు, లోపలి పొర మందంగా పేరుకుపోతుంది, ముందుముందు క్యాన్సర్‌కి దారితీయొచ్చు. గర్భం కోసం అయితే లెట్రోజోల్ మాత్రలతో మొదలుపెడతారు, నేరుగా ఐవీఎఫ్‌కి వెళ్ళాల్సిన పని చాలామందికి ఉండదు. ఏడాది ప్రయత్నించినా (35 దాటితే ఆరు నెలలు) గర్భం రాకపోతే ఇద్దరికీ పరీక్షలు చేయించాలి, మొదటి రోజే మగవాళ్ళ వీర్యపరీక్ష కూడా.

గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ ఒక్కటి మనం దాదాపు పూర్తిగా ఆపగలిగేది. హెచ్‌పీవీ వైరస్ వల్ల వస్తుందని చూపించినందుకు హరాల్డ్ త్సూర్ హౌసెన్‌కి 2008లో నోబెల్ వచ్చింది. 9 నుంచి 14 ఏళ్ళ మధ్య ఆడపిల్లలకి టీకా, పెద్దవాళ్ళకి హెచ్‌పీవీ పరీక్ష. కనీసం 35కి ఒకసారి, 45కి ఒకసారి అయినా పరీక్ష జరగాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెట్టుకున్న లక్ష్యం. ఈ పరీక్షకి శాంపిల్ మనమే తీసి ఇచ్చే పద్ధతి కూడా వచ్చింది. పరీక్షలో తేడా వస్తే భయపడొద్దు, క్యాన్సర్‌గా మారకముందే ఆ చిన్న భాగాన్ని మాత్రమే తీసేస్తారు. "గర్భసంచికి పుండు" అన్నారని వణికిపోతుంటారు చాలామంది, అది ఎక్కువసార్లు లోపలి పొర కాస్త బయటికి కనిపించడమే, పరీక్ష మామూలుగా ఉండి ఇబ్బంది లేకపోతే ఏమీ చేయక్కర్లేదు.

కాన్పుల తర్వాత దగ్గితే, తుమ్మితే మూత్రం పడిపోవడం గురించి తల్లులు ఒకరితో ఒకరు కూడా చెప్పుకోరు. దానికి మొదటి చికిత్స ఆపరేషన్ కాదు, కటి కండరాల వ్యాయామం, అదీ సరిగ్గా నేర్పించుకుని కనీసం మూడు నెలలు చేయాలి. గర్భసంచి జారితే లోపల పెట్టుకునే పెసరీ అనే సిలికాన్ రింగు ఉంది, ఎంత పెద్ద వయసువాళ్ళైనా వాడొచ్చు.

మెనోపాజ్ మాత్రలంటే అందరికీ టెన్షన్. 2002లో అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాక హార్మోన్ల పేరెత్తితే భయం మొదలైంది. కానీ అందులో పాల్గొన్నవాళ్ళ సగటు వయసు 63. అరవై లోపు, లేదా నెలసరి ఆగిన పదేళ్ళలోపు మొదలుపెట్టే ఆరోగ్యవంతులకి లెక్క వేరు, వాళ్ళలో ఎక్కువమందికి నష్టం కంటే లాభమే ఎక్కువని ఇప్పుడు చెబుతున్నారు. ఒంట్లోంచి ఆవిర్లు వచ్చి రాత్రంతా నిద్రపట్టనివాళ్ళకి వీటంత బాగా పనిచేసేది ఇంకోటి లేదు. గర్భసంచి ఉన్నవాళ్ళు ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టెరాన్ కూడా తీసుకోవాలి, రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళకి సాధారణంగా ఇవ్వరు, వాళ్ళకి హార్మోన్ లేని మందులున్నాయి. కింద పొడిబారడం, మంట, మాటిమాటికీ యూరిన్ ఇన్ఫెక్షన్, వీటికి కొద్ది మోతాదు ఈస్ట్రోజెన్ క్రీమ్ అక్కడే రాస్తే చాలు, మాత్రలతో పోలిస్తే ఒంట్లో కలిసేది చాలా తక్కువ. డెబ్భై ఏళ్ళ పెద్దావిడ మూత్రం మంటతో ఏళ్ళ తరబడి యాంటీబయాటిక్స్ మింగుతూ ఉంటుంది కానీ ఈ క్రీమ్ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పి ఉండరు.

ఇక ఆఖరిది, దీన్ని మాత్రం గట్టిగా చెప్తున్నాను. నెలసరి పూర్తిగా ఆగిపోయి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనబడినా, మరకలా కనబడి మళ్ళీ రాకపోయినా, వెంటనే చూపించుకోవాలి. స్కాన్‌లో లోపలి పొర మందం చూస్తారు, అది 4 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా తక్కువుంటే క్యాన్సర్ అయ్యే అవకాశం చాలా తక్కువ, ఎక్కువుంటే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు. ఎక్కువమందిలో పొర పల్చబడటమో, పాలిపో కారణమని తేలుతుంది, సుమారు పదిమందిలో ఒకరికి మాత్రం గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ బయటపడుతుంది. తొలిదశలో దొరికితే చాలావరకు నయమయ్యేదే, అక్కడ గర్భసంచి తీయించుకోవడమే అసలు చికిత్స, ఇంకో దారి వెతుకుతూ కూర్చోకూడదు. మీ అమ్మనో అత్తయ్యనో పక్కన కూర్చోబెట్టుకుని మీరే అడగండి, ఈ వయసులో ఈ మాట పిల్లలకెలా చెప్పాలని వాళ్ళంతట వాళ్ళు నోరు విప్పరు.