బాపు బండి, మూడు ప్లగ్గులు

"ఆయిల్ పోయకుండ నడిపితే ఇంజన్ ఎట్ల ఉంటది సార్?"

2007 ఎండాకాలంలో ఒక మెకానిక్ మా బాపును అడిగిన మాట ఇది. అంతకు గంట ముందు తార్నాక దగ్గర, మంచి స్పీడు మీద ఉండగా, మా యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు వెనక చక్రం ఒక్కసారిగా పట్టేసింది. బాపు క్లచ్ పట్టి పడకుండా పక్కకు తీశాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు ఫిట్టర్‌గా చేసిన మనిషి ఆయన. ఇంట్లో కుట్టు మిషన్‌కు కూడా నెలనెలా నూనె చుక్కలు వేసేవాడు. ఆ మెకానిక్‌కు మాత్రం ఏమీ బదులు చెప్పలేదు. బండిని సీతాఫల్‌మండి దాకా నెట్టుకొచ్చి, మెట్ల పక్కన షెడ్డులో పెట్టి, పాత దుప్పటి కప్పాడు. పదహారేళ్లు ఆ దుప్పటి తియ్యలేదు, తియ్యనివ్వలేదు.

2023లో ఆయన్ను ఒప్పించి బయటికి లాగాను. "చేస్తే చెయ్యి గని, దాని మీద పైసలు గుమ్మరియ్యకు" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

యమహావాళ్లు ఎస్కార్ట్స్‌తో కలిసి 1985 నుంచి 1996 దాకా మన దేశంలో తీసిన బండి ఇది. 98 సీసీ, 11 హార్స్‌పవర్, నాలుగు గేర్లు, బరువు క్వింటా చుట్టుపక్కల. బరువు అంత తక్కువ కాబట్టే అంత చిన్న ఇంజన్‌కు ఆ దూకుడు. మాది 1993 మోడల్, ఏపీ 10 నంబరు.

మొదటి దెబ్బ స్క్రూల దగ్గర తగిలింది. ఇంజన్ పక్క కవర్లకు ప్లస్ గుర్తు స్క్రూలు ఉంటాయి. ఇంట్లో ఉన్న స్టార్ స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే మూడింటి తలలు అరిగిపోయాయి. జపాన్ బండ్ల స్క్రూలకు గాడి కొలత వేరు, జేఐఎస్ అంటారు. కొన్నింటి తల మీద గుర్తుగా చిన్న చుక్క కూడా ఉంటుంది. మామూలు స్టార్ (ఫిలిప్స్) మొన అందులో అడుగుదాకా కూర్చోదు, బలం పెట్టగానే పైకి జారి అంచులను కోసేస్తుంది. రాణిగంజ్‌లో సరైన బిట్లు, సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ కొన్నాక మిగతావన్నీ ఒక్క దెబ్బకు వదిలాయి. పాత జపాన్ బండి మీద చెయ్యి వేసేవాళ్లు ముందు ఈ బిట్లు కొనుక్కోండి, స్పేర్ పార్టులు తర్వాత.

స్పార్క్ ప్లగ్ విప్పాను. మొన సున్నం రాసినట్టు తెల్లగా ఉంది. చూశాను, పాత నట్ల డబ్బాలో వేశాను, మర్చిపోయాను. ఆ పూట దాన్ని సరిగ్గా చూసి ఉంటే నాకు మూడు నెలలు కలిసొచ్చేవి.

ప్లగ్ రంధ్రంలోంచి డీజిల్ పోసి నాలుగు రోజులు నానబెట్టాక కిక్ కదిలింది. సిలిండర్ ఎత్తి చూస్తే, సైలెన్సర్ వైపు పిస్టన్ మీద నిలువునా గీతలు, బోరుకు, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడకు, అంటుకుపోయిన అల్యూమినియం. ముషీరాబాద్‌లో ఒక లేత్ షాపుకు తీసుకెళ్లాను. అసలు బోరు 50 మిల్లీమీటర్లు. 0.25 పెద్ద సైజుకు గీతలు పోలేదు, 0.50 దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ పెద్దాయన ముందు పిస్టన్ తెమ్మన్నాడు, దాన్ని కొలిచాకే బోరు కోశాడు. పిస్టన్ లేకుండా బోరు కోసే చోట మాత్రం పని ఇవ్వకండి.

రింగులు ఎక్కించేటప్పుడు ఒకటి గమనించాలి. టూ స్ట్రోక్ పిస్టన్ గాడిలో సన్నటి పిన్ను ఉంటుంది, రింగు రెండు కొసలూ సరిగ్గా దాని మీదకే రావాలి. రింగు తిరిగిపోయి కొస సిలిండర్ గోడలోని రంధ్రంలో (పోర్టులో) ఇరుక్కుంటే విరిగిపోతుంది. పిస్టన్ తల మీది బాణం సైలెన్సర్ వైపు చూడాలి. షెడ్డులో బల్బు వెలుగు చాలక, ఆ పిన్ను కోసం నేను ఫోన్ లైటు పట్టుకుని అరగంట వంగే ఉన్నాను.

ప్యాకింగులు, కిక్ రబ్బరు, కేబుళ్లు పుత్లీబౌలి, జాంబాగ్ దుకాణాల్లో దొరికాయి. ట్యాంకు తుప్పుకు రెండు రోజులు వెనిగర్ పోసి ఉంచి, వంటసోడా నీళ్లతో కడిగి, ఎండబెట్టి పెట్రోలు తిప్పాను. రంగు కోసం వెతకాల్సిన పని లేకపోయింది. సీటు విప్పితే ట్యాంకు వెనక అంచున ఎండ తగలని చోట అసలు నెమలి నీలం అలాగే ఉంది. పెయింటర్ దాన్ని చూసే కలిపాడు.

సెప్టెంబరులో స్టార్ట్ చేశాం. మూడో కిక్కుకు అందుకుంది. వీధిలో పిల్లలు పరుగెత్తుకొచ్చారు. నా ఒళ్లు పులకరించింది. రెండు నిమిషాలు బాగానే ఉంది. వేడెక్కేకొద్దీ ఐడిలింగ్ దానంతట అదే పెరగడం మొదలైంది. రేజ్ వదిలినా ఇంజన్ దిగట్లేదు. బాపు మెట్ల మీంచి "బంద్ చెయ్, బంద్ చెయ్!" అని అరిచాడు. ఆపి ప్లగ్ విప్పాను. తెల్లగా ఉంది. అప్పుడు గుర్తొచ్చింది డబ్బాలో ప్లగ్గు. తీసి పక్కన పెట్టాను. రెండూ ఒకటే తెలుపు.

టూ స్ట్రోక్ ఇంజన్‌లో పెట్రోలు, గాలి ముందు పిస్టన్ కింద ఉండే క్రాంక్ గదిలోకి వచ్చి, పిస్టన్ కిందికి దిగేటప్పుడు అక్కడి ఒత్తిడికే పైకి పోతాయి. అందుకని ఆ గదిలోకి బయటి గాలి ఒక్క పోగు కూడా రాకూడదు. వచ్చిందంటే మిశ్రమంలో పెట్రోలు తగ్గుతుంది, పెట్రోలుతో పాటే వెళ్లే ఆయిలూ తగ్గుతుంది. వేడి పెరుగుతుంది, ప్లగ్ తెల్లబడుతుంది, చివరికి పిస్టన్ పట్టేస్తుంది. గాలి, ఆయిల్ లోపలికి రాకుండా క్రాంక్‌కు రెండు పక్కలా రబ్బరు సీళ్లు ఉంటాయి. కుడివైపు సీలు పోతే గేర్ ఆయిల్ లోపలికి లాగి తెల్లటి పొగ వస్తుంది, అందరికీ కనిపిస్తుంది. ఎడమవైపు, కరెంటు పుట్టించే మాగ్నెటో వెనక ఉండే సీలు పోతే పొగ ఉండదు. గాలి లాగుతుంది, అంతే. ఎవరికీ కనిపించదు.

పుల్లర్‌తో మాగ్నెటో లాగి, పాయింట్ల ప్లేటు విప్పాను. వెనకంతా మడ్డి, రాయిలా గట్టిపడి ఉంది. నిన్నా మొన్నటిది కాదు, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కారి, ఇంజన్ వేడికి మాడినది. సీలు పెదవిని గోరుతో వంచితే పటుక్కున విరిగింది.

ఆ రాత్రే పక్క ప్యానెల్ తీసి ఆయిల్ ట్యాంకు మూత విప్పాను. దుప్పటి కప్పిన రోజు నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. సగానికి పైగా ఆయిలుంది. యమహా 1964లోనే తెచ్చిన ఆటోల్యూబ్ పంపు ఇందులోనూ ఉంటుంది. పెట్రోల్లో ఆయిల్ కలపక్కర్లేదు, రేజ్‌ను బట్టి పంపే పోస్తుంది. చాలామంది దాన్ని పీకేయించారు, మమ్మల్నీ పీకేయమన్నారు. నేను పీకలేదు. ట్యాంకు కడిగి కొత్త ఆయిల్ పోసి, బ్లీడ్ స్క్రూ వదిలి గాలి తీసి, కొన్ని నిమిషాల కోసం పెట్రోల్లో విడిగా ఆయిల్ కలిపి ఇంజన్ నడుపుతూ, పంపు పైపు కొసను గాజు గ్లాసులో పెట్టాను. చుక్క, చుక్క, చుక్క. పంపుకు ఏ రోగమూ లేదు.

బాపును కిందికి పిలిచి సీలు ముక్క, రెండు ప్లగ్గులు చూపించాను. ముక్కను చాలాసేపు వేళ్ల మధ్య తిప్పాడు. "నేను పోసిన ఆయిల్" అన్నాడు. "పోసినవ్ బాపూ, ట్యాంకులో ఇంకా ఉండె" అన్నాను. తలూపి, మడ్డి గీకడానికి లోపలి నుంచి తన పాత స్క్రేపర్ తెచ్చాడు. కొత్త సీళ్లు రెండూ ఆయనే కొట్టి ఎక్కించాడు, పాయింట్ల గ్యాప్ కూడా ఫీలర్ గేజ్‌తో ఆయనే పెట్టాడు.

ఆర్టీఏ పని వేరే. రిజిస్ట్రేషన్ గడువు 2008లోనే అయిపోయింది. 2021లో వచ్చిన వింటేజ్ నియమాలు 50 ఏళ్లు దాటిన బండ్లకే కాబట్టి మాకు అక్కరకు రాలేదు. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఫారం 25, గ్రీన్ ట్యాక్స్, ఆలస్యానికి జరిమానా, తిరుమలగిరిలో బండి చూపించడం. ఛాసిస్ నంబరు మీది రంగు గీకి ముందే శుభ్రం చేసుకుని పోవడం మంచిదైంది.

కొత్త బోరు కాబట్టి మొదటి 500 కిలోమీటర్లు పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద, ఉస్మానియా క్యాంపస్ చుట్టూ నెమ్మదిగా నడిపాను. అవి పూర్తయిన ఆదివారం ఇంటికొచ్చి ప్లగ్ విప్పి బాపు చేతికిచ్చాను. కళ్లద్దాలు పైకి తోసి, ట్యూబ్‌లైటు కింద పట్టి చూశాడు.

"చాయ్ రంగుంది" అన్నాడు. గుడ్డతో తుడిచి, పాత రెండు తెల్ల ప్లగ్గుల పక్కన కిటికీ గూట్లో పెట్టి, కొత్త ప్లగ్ తనే బిగించాడు.