అక్వేరియంలో ఇసుక వేయాలంటే బీచ్‌కి వెళ్లకండి

వైజాగ్‌లో అక్వేరియం ఉన్నవాళ్లకి ఇసుక అనగానే ముందు ఆర్కే బీచో, రుషికొండో గుర్తొస్తుంది. ఒక సంచి తెచ్చి నాలుగు నీళ్లు కడిగితే ఉప్పు పోతుంది కదా అనుకుంటారు. ఉప్పు పోతుంది, నిజమే. ఎంత కడిగినా పోనిది గవ్వల పొడి. అది కాల్షియం కార్బొనేట్. మంచినీటిలో కొద్దికొద్దిగా కరుగుతూ కాఠిన్యాన్ని, పీహెచ్‌ని పెంచుతూనే ఉంటుంది. గప్పీలకి, మోలీలకి అది ఇబ్బంది కాదు. మెత్తటి నీళ్లు కావాల్సిన టెట్రాలకి మాత్రం ఇబ్బందే.

రెండో చిక్కు నల్ల ఇసుక. అల వెనక్కి వెళ్లాక తడి మీద కనిపించే నల్ల చారల్లో ఇల్మనైట్ లాంటి బరువైన ఖనిజాలుంటాయి. భీమిలి వైపు ఇవి మరీ ఎక్కువ. వాటిలో కొన్ని రేణువులు అయస్కాంతానికి అంటుకుంటాయి. ఫిల్టర్ మోటారులో తిరిగే ఇంపెల్లర్ కూడా అయస్కాంతమే కాబట్టి ఆ రేణువులు దానికి పట్టుకుని, గీకి, చివరికి మోటారుని ఆపేస్తాయి. పైగా సముద్రతీర రక్షణకి పెట్టిన సీఆర్‌జెడ్ నిబంధనల ప్రకారం తీరంలో ఇసుక తవ్వకం నిషిద్ధం.

మరి ఏది వాడాలి? ఇళ్లు కట్టడానికి శ్రీకాకుళం వైపు నుంచి, రాజమండ్రి నుంచి వచ్చే నది ఇసుక బాగుంటుంది. నీటిలో దొర్లి రేణువుల అంచులు అరిగి ఉంటాయి. రోబో శాండ్ అనే క్రషర్ ఇసుక వద్దు. అది పగలగొట్టిన రాయి, అంచులు పదునుగా ఉంటాయి. కోరిడోరాస్, కూలీ లోచ్‌ల లాంటి అడుగున తిరిగే చేపలు మీసాలతో ఇసుకలో వెతుక్కుని తింటాయి. పదును తగిలి మీసాలు అరిగితే అక్కడ ఇన్ఫెక్షన్ పడుతుంది. స్విమ్మింగ్ పూల్ ఫిల్టర్లలో వేసే సిలికా ఇసుక దొరికితే ఇంకా మంచిది. 0.4 నుంచి 0.8 మిల్లీమీటర్ల సైజులో ముందే జల్లించి వస్తుంది.

నది ఇసుకైతే కిటికీకి వేసే దోమల మెష్ ముక్కతో జల్లించి రాళ్లు, పుల్లలు తీసేయండి. తర్వాత గుప్పెడు పొడి ఇసుక మీద వెనిగర్ పోసి చూడండి. బుడగలు వస్తే అందులో గవ్వ ఉన్నట్టే, ఆ ఇసుక వదిలేయండి. స్పీకర్ అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఇసుకలో తిప్పితే నల్ల రేణువులు ఏమైనా ఉంటే వాటంతట అవే బయటపడతాయి.

ఎంత కావాలో లెక్క సులువు. పొడవు, వెడల్పు, మందం సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. దాన్ని 1.6తో గుణిస్తే కిలోలు. 90×30 ట్యాంకులో 3 సెంటీమీటర్లకి 8.1 లీటర్లు, అంటే దాదాపు 13 కిలోలు. కడగడంలో కొంత పోతుంది, 15 కిలోలు తెచ్చుకోండి. బకెట్‌కి 2, 3 కిలోలకి మించకుండా వేసి, పైపుతో గట్టిగా నీళ్లు కొడుతూ చేత్తో కలిపి మురికినీళ్లు వంచేయాలి. పది పదిహేనుసార్లు పట్టొచ్చు. కలిపిన అర నిమిషానికి నీళ్లలో చెయ్యి కనిపించాలి. ఇక్కడ తొందరపడితే ట్యాంకు వారం రోజులు పాలలా ఉంటుంది.

ఇసుక పరిచి, దాని మీద ఒక ప్లేటు పెట్టి, ప్లేటు మీద సన్నటి ధారగా నీళ్లు పోయండి. మసక తేరేదాకా ఫిల్టర్ వేయొద్దు. ఫిల్టర్ నీళ్లు లాగే మూతి ఇసుకకి కనీసం 5 సెంటీమీటర్ల పైన ఉండాలి, దానికి స్పాంజి తొడగాలి. అడుగున ప్లేటు ఉండే అండర్ గ్రావెల్ ఫిల్టర్ ఇసుకతో పనిచేయదు. రంధ్రాలు పూడిపోతాయి.

మందం 3 సెంటీమీటర్లు చాలు, 5 దాటొద్దని గట్టిగా చెప్తాను. సన్నటి ఇసుకలో నీళ్లు కదలవు. అడుగున కుళ్లే తిండి ఆక్సిజన్‌ని తినేస్తుంది. తర్వాత ఆక్సిజన్ లేకుండా బతికే బ్యాక్టీరియా చేరి హైడ్రోజన్ సల్ఫైడ్ తయారుచేస్తాయి. అద్దం పక్కన నల్ల మచ్చలు, కుళ్లిన గుడ్ల వాసన దాని గుర్తులు. మన ఎండాకాలంలో ఇది ఇంకా త్వరగా వస్తుంది. 25 డిగ్రీల నీటిలో లీటరుకి దాదాపు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది, 30 డిగ్రీల దగ్గర 7.5 మాత్రమే. వారానికోసారి పై సెంటీమీటరుని వేలితో కదిపితే సరిపోతుంది. మలేషియన్ ట్రంపెట్ నత్తలుంటే ఆ పని అవే చేస్తాయి. మచ్చ అప్పటికే పెద్దదైతే చేపలుండగా కెలకొద్దు. గాలి పంపు పెంచి, సైఫన్‌తో (నీళ్లు లాగే గొట్టంతో) ఆ ఇసుకని కొంచెం కొంచెంగా లాగేయండి.

రాళ్ల సందుల్లోకి దిగినట్టు రెట్ట ఇసుకలోకి దిగదు, పైనే ఉంటుంది. సైఫన్ మూతిని 2 సెంటీమీటర్ల ఎత్తులో చిన్న సుడిలా తిప్పితే మురికి మాత్రమే లేస్తుంది. మొక్కలకి ఇసుకలో పోషకం ఏమీ ఉండదు. వాలిస్నేరియా, క్రిప్టోకోరైన్ లాంటి వాటి వేర్ల దగ్గర రూట్ ట్యాబ్ (ఎరువు బిళ్ల) పాతాలి.

నడుస్తున్న ట్యాంకులో గ్రావెల్ తీసి ఇసుక వేస్తుంటే ఒకేసారి మార్చొద్దు. అమ్మోనియాని విరిచే బ్యాక్టీరియాలో చాలా భాగం ఆ రాళ్ల మీదే ఉంటుంది. వారానికి మూడో వంతు చొప్పున మార్చండి. ఆ వారాల్లో ఫిల్టర్ స్పాంజి కడగకండి, తిండి సగానికి తగ్గించండి, రెండు రోజులకోసారి అమ్మోనియా టెస్ట్ చేయండి. సున్నా కాకుండా ఏది కనిపించినా ఆ రోజే మూడో వంతు నీళ్లు మార్చాలి. కుళాయి నీళ్లైతే ముందు క్లోరిన్ విరగ్గొట్టి పోయండి.