ఆరోగ్యకరమైన తిండికి మా ఇంట్లో అయిన ఖర్చు: డబ్బు, గంటలు

ఏడాది కిందట చేయించుకున్న రక్తపరీక్షలో నా హెచ్‌బీఏ1సీ 6.1 శాతం వచ్చింది. గడచిన రెండు మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటున ఎంత ఉందో తెలిపే పరీక్ష అది, 5.7 నుంచి 6.4 వరకు ఉంటే మధుమేహానికి ముందు దశగా లెక్కిస్తారు. డాక్టరు మందులేవీ రాయలేదు. కూరగాయలు, పప్పుధాన్యాలు పెంచమని, తీపి, ఉప్పు, ప్యాకెట్లలో వచ్చే చిరుతిళ్ళు తగ్గించమని, రోజూ నడవమని చెప్పి ఆరు నెలల తర్వాత మళ్ళీ రమ్మన్నారు. ఆయన చెప్పినదాంట్లో అర్థం కానిదేమీ లేదు. నెల జీతం మీద నడిచే మా నలుగురి ఇంట్లో దాన్ని రోజూ పాటించడం సాధ్యమేనా అన్నదే నా సందేహం.

మొదటి నెలలోనే పెద్ద పొరపాటు చేశాను. ఆరోగ్యకరమైన తిండి అంటే ఖరీదైన తిండి అన్న నమ్మకం నాలో ఎంతగా పాతుకుపోయిందంటే, డబ్బా మీద ‘ఆరోగ్యం’, ‘సహజం’ అని రాసి ఉన్న ప్రతిదాన్నీ కొన్నాను: పొడులు, గింజల పొట్లాలు, కాలం కాని కాలంలో వచ్చే పండ్లు, చక్కెర లేదని చెప్పుకునే బిస్కెట్లు. సరుకులకు పక్కన పెట్టుకునే డబ్బులో సగానికి పైగా పది రోజుల్లోనే అయిపోయింది. తీరా ఆ బిస్కెట్ల ప్యాకెట్ వెనుక వైపు చదివితే, బరువులో ఎక్కువ ఉన్న పదార్థం ముందుగా వచ్చేలా రాసే ఆ జాబితాలో మొదటిది తెల్లని పిండి, రెండోది నూనె. సామాన్యుడికి ఇది అందేది కాదని ఆ రోజే తేల్చేసి వదిలేసేవాణ్ణి. అంతకుముందు మేము దేని మీద ఎంత ఖర్చు పెడుతున్నామో ఒకసారి చూద్దామని నా భార్య అనడం వల్ల ఆగాను.

నాలుగు వారాల పాటు ఇంట్లోకి వచ్చిన ప్రతి తినే వస్తువునూ, దాని బరువునూ, ధరనూ ఒక నోటు పుస్తకంలో రాశాను. తిండి ఖర్చులో దాదాపు ఐదో వంతు తీపి పానీయాలకూ, బిస్కెట్లకూ, సాయంత్రం బయట కొనే చిరుతిళ్ళకూ పోతోంది. ఏ ఒక్క రోజు చూసినా అది చిన్న మొత్తమే కాబట్టి అంతకాలం మా కంట పడలేదు.

ధరలను దేనితో పోల్చాలన్నది ఆ తర్వాత తెలుసుకున్నాను. దీని మీద కొంచెం నిలబడి చెప్పాలి, ఎందుకంటే ‘మంచి తిండి ఖరీదు’ అనే మాట నిజమా కాదా అన్నది చాలావరకు కొలబద్ద మీద ఆధారపడి ఉంది. క్యాలరీకి ఎంత పడుతుందని లెక్కవేస్తే చక్కెర, నూనె, వాటితో చేసిన తినుబండారాలు అతి చవకగా కనిపిస్తాయి. గ్రాము కొవ్వులో 9 క్యాలరీలు ఉంటే, ఎక్కువ భాగం నీరే అయిన కూరగాయలో క్యాలరీలు నామమాత్రం, కాబట్టి ఆ లెక్కలో కూరగాయ ఎప్పుడూ విలాస వస్తువే. అదే తినే బరువుకో, ఒక పూట వడ్డనకో ఎంత పడుతుందని చూస్తే చిత్రం తిరగబడుతుంది. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ ఆర్థికవేత్తలు సరిగ్గా ఈ పోలికే చేసి, క్యాలరీ లెక్కన ఖరీదైన కూరగాయలు బరువు లెక్కనా వడ్డన లెక్కనా చవకగా ఉన్నట్టు చూపారు. నేను ఇంకో గడి కూడా గీసుకున్నాను: 10 గ్రాముల మాంసకృత్తులు ఏ వస్తువులో ఎంతకు దొరుకుతున్నాయి? ఆరోగ్యవంతుడైన పెద్దవాడికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల చొప్పున చాలు కాబట్టి, 65 కిలోల నాకు 54 గ్రాములు కావాలి. 100 గ్రాముల ఎండు పప్పుధాన్యాల్లో సాధారణంగా 20 నుంచి 25 గ్రాముల వరకు ఉంటాయి. నేను మొదటి నెలలో కొన్న మాంసకృత్తుల పొడి ఈ గడిలో అన్నిటికంటే ఖరీదైనదిగా తేలింది, పప్పులు అన్నిటికంటే చవకైనవిగా తేలాయి. ఆ పొడి డబ్బా మళ్ళీ మా ఇంటికి రాలేదు.

కూరగాయల విషయంలో మాత్రం లెక్క నన్ను కంగారుపెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పదేళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలంటుంది. బంగాళాదుంప వంటి దుంపలు అందులోకి రావు. మా పిల్లలిద్దరూ పదేళ్ళు దాటినవారే, అంటే నలుగురికీ కలిపి వారానికి 11 కిలోలకు పైనే. దుంపలు తీసేస్తే మేము తెస్తున్నది 5 కిలోలు కూడా లేదు. ఒక్కసారిగా 11 కిలోలు తెచ్చిన మొదటి వారం మూడో వంతు కుళ్ళిపోయింది. ఆకుకూరలను కడిగి, ఆరకముందే ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టాను. మూడో రోజు సంచి విప్పితే అడుగున నల్లటి జిగురు, పైన నాలుగు పచ్చటి ఆకులు మిగిలాయి. పారేసిన మూడో వంతును కలిపి చూస్తే తిన్న కూరగాయల అసలు ధర ఒకటిన్నర రెట్లు అయింది. ఖరీదు అన్న ఫిర్యాదులో కొంత భాగం చెత్తబుట్టలోకి పోతున్నదేనని అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత వారానికి రెండుసార్లు తేవడం, ఆకుకూరలు కడగకుండా పొడి గుడ్డలో చుట్టి మొదటి రెండు రోజుల్లోనే వండేయడం, క్యాబేజీ, క్యారెట్ వంటి గట్టి కూరగాయలను వారాంతానికి దాచడం అలవాటు చేసుకున్నాం.

ఉప్పుకు ఇంత శ్రమ పడలేదు. పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలి, అంటే నలుగురికి నెలకు 600 గ్రాముల లోపు. ఉప్పు ప్యాకెట్ మీద విప్పిన తేదీ రాసిపెడితే కిలో ప్యాకెట్ 24 రోజుల్లో అయిపోయింది. కూరలో వేసే చెంచాను చిన్నదిగా మార్చి, ప్రతి రెండు వారాలకూ కొంచెం తగ్గిస్తూ వచ్చాం.

చిరుతిళ్ళు మానడం పిల్లలకు కష్టమైంది, నాకు ఇంకా కష్టమైంది. దీన్ని మనోబలం లేకపోవడమని అనుకునేవాణ్ణి. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 20 మందికి రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన ఆహారం, రెండు వారాలు ఇంటి వంట లాంటి ఆహారం పెట్టి, కావలసినంత తినమన్నారు. క్యాలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండింటిలోనూ సమానంగానే వడ్డించినా, మొదటి రకంలో వాళ్ళు రోజుకు సుమారు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు. అది చదివాక నన్ను నేను తిట్టుకోవడం మానేసి, ఆ ప్యాకెట్లు ఇంట్లోకి రాకుండా చూడడమే మేలనుకున్నాను. ఆ పరిశోధనలోనే ప్రాసెస్ చేయని ఆహారానికి ఖర్చు ఎక్కువైందని కూడా నమోదైంది. దాన్ని దాచి చెప్పడం న్యాయం కాదు.

నాలుగో నెల చివర పుస్తకం కూడి చూస్తే, మొత్తం తిండి ఖర్చు పాత నెలల కంటే 6 శాతం మాత్రమే ఎక్కువ. ఎంతో సంతోషంగా ఆ పేజీని నా భార్యకు చూపించాను. ఆమె అప్పుడు పొయ్యి దగ్గర నిలబడి మర్నాటికి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది, రాత్రి తొమ్మిదిన్నర. పేజీ అంతా ఓపికగా చదివి, “అన్నీ రాశారు గానీ, నా సాయంత్రాలు ఎక్కడ రాశారండీ?” అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. ఆమె కూడా నాలాగే ఉద్యోగం చేస్తుంది. మరుసటి వారం గడియారం చూసి రాస్తే, తేవడం, కడగడం, తరగడం, వండడం, సర్దడం అన్నీ కలిపి రోజుకు 2 గంటల 20 నిమిషాలు. పాత పద్ధతిలో గంటా పావు సరిపోయేదని ఇద్దరం అంచనా వేశాం. నెలకు 30 గంటలకు పైగా పెరిగిన పని దాదాపు పూర్తిగా ఆమె మీదే పడింది, నేనేమో ఖర్చు పెద్దగా పెరగకుండా చూశానని పుస్తకంలో రాసుకున్నాను. ఇది తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ప్యాకెట్ తిండి అమ్మేది రుచితో పాటు ఆ గంటను కూడా. దాన్ని మానేసినప్పుడు ఆ గంటను ఇంట్లో ఎవరో ఒకరు తిరిగి చెల్లించాలి.

అందుకని ఆరోగ్యం కోసం చేసిన మార్పుల్ని వదలకుండా గంటల్ని తగ్గించే పనిలో పడ్డాం. పప్పుధాన్యాలు వారానికి రెండుసార్లు ఎక్కువ మొత్తంలో నానబెట్టి ఉడికించి, మూడు రోజులకు సరిపడా ఫ్రిజ్‌లో, మిగిలింది గడ్డకట్టే అరలో పెడుతున్నాం. పొద్దుటి పూట వారమంతా రెండే రకాలు. కూరగాయలు తేవడం, తరగడం నా పని. శుభ్రం చేయడంలో పిల్లలు చేయి వేస్తారు. పని ఎక్కువున్న వారాల్లో గడ్డకట్టించిన కూరగాయలు కొంటాం. కోసిన కొద్దిసేపటికే వాటిని శీతలీకరిస్తారు కాబట్టి పోషకాలు చాలావరకు నిలిచే ఉంటాయి, తరిగే పని ఉండదు.

ఐక్యరాజ్యసమితి సంస్థల 2025 నివేదిక ప్రకారం, 2024లో ప్రపంచంలో సుమారు 260 కోట్ల మంది ఆరోగ్యకరమైన ఆహారం కొనుక్కోలేని స్థితిలో ఉన్నారు. ఆ లెక్కను ప్రతి దేశంలో దొరికే అతి చవకైన వస్తువులతోనే వేస్తారు, అందులో వంటచెరకు ఖర్చూ వండే మనిషి సమయమూ కలపరు. ఫ్రిజ్ లేని ఇంటికి, ఏ రోజు కూలి ఆ రోజే తెచ్చుకునే మనిషికి, రెండు షిఫ్టులు చేసే ఒంటరి తల్లికి మా పుస్తకం చూపించి ‘మీరూ చేయవచ్చు’ అని చెప్పే హక్కు నాకు లేదు. మాకు ఇది సాధ్యమైంది. ఎందుకంటే తగ్గించుకోవడానికి మా ఖర్చులో ఐదో వంతు ఉంది, పంచుకోవడానికి ఇంట్లో నలుగురం ఉన్నాం.

ఆరు నెలల తర్వాత నా హెచ్‌బీఏ1సీ 5.8కి దిగింది. డాక్టరు ఇలాగే కొనసాగించమన్నారు. పుస్తకంలో ఇప్పుడు ధర పక్కన గంటల గడి కూడా ఉంది. పోయిన నెల మొత్తం 52 గంటలు: ఆమెవి 27, నావి 19, పిల్లలవి 6. ఆమె వైపు ఇంకా బరువుగానే ఉంది కాబట్టి, వచ్చే నెల నుంచి వారంలో రెండు రాత్రుల వంట పూర్తిగా నేనే చేస్తానని ఆ గడి కింద రాసిపెట్టాను.