టైటిల్స్ డిజైన్ తేలిక, పేర్లే నరకం

మా సినిమా టైటిల్స్ నిన్న రాత్రి డీఐకి, అంటే రంగులు సరిచేసి సినిమాకి తుదిరూపమిచ్చే చోటికి, పంపేశాను. మళ్లీ ఎవరో ఫోన్ చేసి పేరు మార్చమనేలోపు ఇది రాసేస్తున్నా.

చిన్న బడ్జెట్ సూపర్‌హీరో సినిమా. హీరో తాత తోలుబొమ్మలాట కళాకారుడు, హీరో ముసుగు ఆ తోలుతో కుట్టిందే. కథ వినగానే డిజైన్ తట్టింది: చీకట్లో తోలు, వెనక దీపం, చిల్లులుగా పొడిచిన పేర్లలోంచి వెలుగు. కెమెరా తోలు మీద పాకి, చివర్లో వెనక్కి జరిగితే అది ముసుగని తెలుస్తుంది. 1989 'బ్యాట్‌మ్యాన్'లో కెమెరా రాతి గాడుల మధ్య తిరిగి తిరిగి గబ్బిలం గుర్తు దగ్గర తేలుతుంది కదా, దాని ప్రభావమేనని దర్శకుడికి ముందే చెప్పాను. స్టైల్ ఫ్రేములు (తెర ఎలా కనిపిస్తుందో చూపే నమూనా బొమ్మలు), స్టోరీబోర్డు ఒక్క సిట్టింగ్‌లో ఓకే. యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఒత్తులు విడిపోతే సెట్టింగ్స్‌లో దక్షిణాసియా టెక్స్ట్ ఇంజిన్ పెట్టుకున్నాను, సరిపోయింది.

చిల్లుల అక్షరాలకు ఒక చిక్కుంది. సున్నాను చుట్టూ కోసేస్తే మధ్య ముక్క ఊడి కింద పడుతుంది. అందుకే ఎక్కడో ఒకచోట సన్నటి తోలు పట్టీ వదలాలి. ఠ, ర లాంటి వాటికీ అంతే. ఆ పట్టీ ఎక్కడ వేస్తే అక్షరం చెడదో చూసుకుంటూ ఒక్కో పేరూ చేత్తో గీశాను. ఆ పని ఇంకెవరైనా ఇంత బాగా చేస్తారనుకోను.

ఆఫీసులో షో వేశాం. సమర్పకుడి ఇంటిపేరులో ఒక సున్నా, పేరులో ఇంకోటి. ఆయన పేరున్న కార్డు తెర మీదికి రాగానే "ఆపు" అన్నారు. "నా సున్నా పగిలిందేంటి?" పట్టీ గురించి చెప్పబోయాను. "పగిలిన పేరు తెర మీద వేస్తే డబ్బులు నిలుస్తాయా? తెలుగు రాయడం రానోణ్ణి ఎవడు తెచ్చాడయ్యా?" అసిస్టెంట్లు, అకౌంటెంట్, టీ తెచ్చిన కుర్రాడు, అందరూ నన్నే చూస్తున్నారు. దర్శకుడు ఫోన్ చూసుకుంటున్నాడు. కథ చెప్పినప్పుడు ఊపిరాడనివ్వకుండా మాట్లాడిన మనిషి!

పైగా పేర్లు పాత 'సూపర్‌మ్యాన్'లోలా దూసుకు రావాలట. 1978లో ఆ టైటిల్స్ చేసిన రిచర్డ్ గ్రీన్‌బర్గ్‌కి అంతరిక్షం ఇచ్చారు, నాకిచ్చింది తోలు. 2016 'డెడ్‌పూల్'లోనైతే నటుల పేర్లే వేయకుండా వెక్కిరింపులు వేశారు. ఆ ధైర్యం ఫిల్మ్‌నగర్‌లో ఎవరైనా చేస్తే నేను ఉచితంగా పనిచేస్తా.

చివరికి ఆయన కార్డులో పట్టీలు తీసేశాను. సున్నా మధ్య ముక్క ఏ ఆధారమూ లేకుండా గాల్లో తేలుతోంది. తోలుబొమ్మలు చెక్కేవాళ్లు చూస్తే నవ్వుతారు. ఆయన మాత్రం "ఇప్పుడు నిండుగా ఉంది" అన్నారు. అది తెలిసి హీరో మేనేజర్, తర్వాత సంగీత దర్శకుడి తమ్ముడు, తమకూ నిండుగానే కావాలన్నారు. మళ్లీ రెండర్, మళ్లీ రాత్రిళ్లు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఒకటి చెబుతా. పేర్ల జాబితా కాగితం మీద, సంతకంతో తీసుకోండి. వాట్సాప్‌లో వచ్చింది జాబితా కాదు, రేపు మార్చబోయే చిత్తుప్రతి. సగం డబ్బు ముందే అడగండి, నా మిగతా సగం ఇంకా రాలేదు. దర్శకుడి పేరులో సున్నా లేదు కాబట్టి ఆ కార్డు ఎవరూ ముట్టుకోలేదు. పట్టీలు ఎలా ఉండాలో అందులో చూడండి, ర దగ్గర.